ఒక్క గోల్‌తో అమ్ముడైన మనిషి

చిరంజీవి అమూల్యకు నాన్న ఆశీస్సులు.

1992లో యూరోపియన్ దేశాల ఫుట్‌బాల్ పోటీ అయిన యూరో ఫైనల్‌లో జర్మనీ మీద మొదటి గోల్ కొట్టిన డెన్మార్క్ ఆటగాడు ఆ తరువాత ఏమయ్యాడని అడిగావు. అతని పేరు జాన్ యెన్సెన్. కోచ్ నిన్ను డిఫెన్స్ ముందు నిలబెట్టి ఆడిస్తున్నారని, సీజన్ మొత్తంలో నీ పేరు మీద ఒక్క గోల్ కూడా పడలేదని పోయిన వారం ఫోన్‌లో చిన్నబుచ్చుకున్నావు కాబట్టి, అతని సంగతి రెండు ముక్కల్లో ముగించకుండా కాస్త వివరంగానే రాస్తున్నాను.

1965లో పుట్టిన యెన్సెన్ కోపెన్‌హాగెన్ శివార్లలోని బ్రొండ్‌బీ క్లబ్బులో పైకి వచ్చాడు. ఆ క్లబ్బు తొలిసారి డెన్మార్క్ లీగ్ గెలిచిన 1985 నాటికే అతను జట్టులో ఉన్నాడు. 1987లో ఆ దేశపు ఉత్తమ ఆటగాడిగా ఎంపికై, మరుసటి ఏడాది జర్మనీలోని హాంబర్గ్‌కు వెళ్లి, అక్కడ రెండేళ్లు ఆడి తిరిగి సొంత క్లబ్బుకే చేరుకున్నాడు. గోల్స్ కొడతాడని కాదు, ఎదుటి జట్టు ఆటను నడి మైదానంలోనే తెగ్గొడతాడని అతనికి పేరు.

నిజానికి 1992 యూరోకు డెన్మార్క్ అర్హత సాధించనే లేదు. యుద్ధం కారణంగా ఐక్యరాజ్యసమితి విధించిన ఆంక్షల వల్ల యుగోస్లావియాను తప్పించి, పోటీలకు పదిరోజుల ముందు ఆ స్థానాన్ని డెన్మార్క్‌కు ఇచ్చారు. ఇంగ్లండ్‌తో గోల్స్ లేకుండా ముగిసిన మొదటి మ్యాచ్‌లో యెన్సెన్ కొట్టిన బంతి పోస్టుకు తగిలి బయటపడింది. స్వీడన్ చేతిలో ఓడి, ఫ్రాన్స్‌ను గెలిచి, సెమీఫైనల్‌లో హాలండ్‌ను పెనాల్టీల్లో దాటి ఆ జట్టు జూన్ 26న గోథెన్‌బర్గ్‌లో ఫైనల్ ఆడింది. 18వ నిమిషంలో కుడివైపు నుంచి సహచరుడు పోవ్ల్‌సెన్ బంతిని వెనక్కి అందించాడు. పెనాల్టీ బాక్స్ అంచు దాకా పరుగెత్తుకొచ్చిన యెన్సెన్ దాన్ని ఆపకుండా, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తన్నాడు. గోల్‌కీపర్ ఇల్గ్‌నర్ చెయ్యి లేచేసరికే బంతి వలలో ఉంది. డెన్మార్క్ 2-0తో గెలిచింది. జాతీయ జట్టుకు ఆడిన 69 మ్యాచుల్లో అతను కొట్టినవి మొత్తం నాలుగే గోల్స్ అన్న సంగతి ఆ సాయంత్రం ఎవరికి గుర్తుంటుంది?

కొన్ని వారాలకే లండన్‌లోని ఆర్సెనల్ క్లబ్బు అతన్ని కొనుక్కుంది. అభిమానులు ప్రాణంగా చూసుకున్న మిడ్‌ఫీల్డ్ ఆటగాడు రోకాస్టిల్‌ను అదే వేసవిలో లీడ్స్ క్లబ్బుకు అమ్మేశారు కనుక, కొత్తగా వచ్చినవాడు గోథెన్‌బర్గ్‌లో కొట్టినలాంటి గోల్స్ వారం వారం కొడతాడని జనం ఎదురుచూశారు. నెలలు గడిచాయి, సంవత్సరాలు గడిచాయి, గోల్ మాత్రం రాలేదు. చివరికి అది స్టేడియంలో ఒక వేడుకగా మారింది. ఎంత దూరాన ఉన్నా సరే, బంతి యెన్సెన్ కాలికి తగిలితే చాలు, గ్యాలరీలన్నీ ఒక్క గొంతుతో "కొట్టు" అని అరిచేవి. ఎగతాళి ఉంది, కానీ అందులో ప్రేమే ఎక్కువని నాకు అనిపిస్తుంది.

1994 డిసెంబరు 31న క్వీన్స్ పార్క్ రేంజర్స్ మీద ఆ గోల్ వచ్చింది. బాక్స్ ఎడమ అంచు నుంచి అతను వంపు తిప్పి కొట్టిన బంతి దూరపు పై మూలలోకి వెళ్లింది. అంత అందమైన గోల్ కొట్టిన రోజున కూడా జట్టు 3-1తో ఓడింది. "యెన్సెన్ గోల్ కొట్టినప్పుడు నేనక్కడే ఉన్నాను" అని రాసిన టీషర్టులు అచ్చయ్యాయి. ఆర్సెనల్‌కు అతని గోల్ అదొక్కటే. రెండు నెలలు తిరగకముందే మేనేజర్ జార్జ్ గ్రహాం ఉద్యోగం పోయింది. యెన్సెన్ బదిలీతోనూ మరొక ఆటగాడి బదిలీతోనూ ముడిపడి ఒక ఏజెంటు నుంచి ఆయనకు డబ్బు ముట్టిందని బయటపడింది. ఆ లెక్కల్లో ఆటగాడి తప్పేమీ లేదు.

నా అభిప్రాయం చెబుతాను. అతను గోల్స్ కొట్టకపోవడంలో వింతేమీ లేదు. ఆర్సెనల్ బలం కెప్టెన్ ఆడమ్స్ నడిపిన రక్షణ పంక్తిలో ఉంది, దాని ముందు కాపలా కాయడమే యెన్సెన్ పని. 1993లో ఇంగ్లండ్ క్లబ్బుల నాకౌట్ పోటీ అయిన ఎఫ్ఏ కప్ ఫైనల్‌లోనూ, అది డ్రాగా ముగిశాక జరిగిన రీప్లేలోనూ అతను ఆడాడు. చివరి క్షణాల్లో సహచరుడు లినిఘన్ తలతో కొట్టిన గోల్‌తో ఆర్సెనల్ ఆ కప్పు గెలుచుకుంది. నాకు బాధ కలిగించేది 1994 సంగతి. ఆయా దేశాల కప్పులు గెలిచిన క్లబ్బులు ఆడే యూరోపియన్ కప్ విన్నర్స్ కప్ ఫైనల్ అతని సొంత ఊరు కోపెన్‌హాగెన్‌లోనే జరిగితే, మోకాలి గాయం వల్ల ఆడలేక కూర్చుండిపోయాడు. జట్టు మాత్రం ఇటలీ క్లబ్బు పార్మాను 1-0తో ఓడించింది. టీషర్టుల కథ చెప్పేవాళ్లెవరూ ఈ మాట ఎత్తరు.

నీ తరువాతి మ్యాచ్‌లో ఎదుటివాళ్లు మధ్యలోంచి రాలేక బంతిని ఎన్నిసార్లు పక్కలకు పంపించారో ఎవరిచేతనైనా లెక్క రాయించు. మీ స్కోరుబోర్డులో ఆ లెక్కకు చోటు ఉండదు, కానీ మీ కోచ్ చూస్తున్నది దాన్నే అయి ఉండాలి.

1996లో యెన్సెన్ మళ్లీ బ్రొండ్‌బీ చేరి మరికొన్ని లీగ్ టైటిళ్లు గెలిచాడు. ఆ తరువాత హెర్‌ఫొల్గె అనే చిన్న ఊరి క్లబ్బుకు ఆటగాడిగానూ కోచ్‌గానూ వెళ్లాడు. ఎవరి అంచనాల్లోనూ లేని ఆ క్లబ్బు 2000లో డెన్మార్క్ లీగ్ గెలిచి, మరుసటి ఏడాదే కింది డివిజన్‌కు జారిపోయింది. 2002 నుంచి బ్రొండ్‌బీలో కోచ్ మైకేల్ లాడ్రప్‌కు సహాయకుడిగా పనిచేశాడు. ఇద్దరూ కలిసి 2005లో లీగ్‌నూ కప్పునూ సాధించి, ఆ తరువాత స్పెయిన్‌లోని గెటాఫెకు కూడా కలిసే వెళ్లారు. పేరంతా లాడ్రప్‌కే వచ్చింది. యెన్సెన్‌కు అది కొత్తేమీ కాదు.

ఇట్లు,
మీ నాన్న