ముందు పిల్లల ఎత్తు కొలవండి, తర్వాత టికెట్లు కొనండి

సంపాదకులు గారికి,

పరీక్షలు అయిపోతున్నాయి. చెన్నైలో ఏ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు చూసినా ఒకటే వాదన: పిల్లల్ని థీమ్ పార్కుకి తీసుకెళ్లాలా, వద్దా? డబ్బు దండగ అని కొందరు, పిల్లల సరదా కాదంటే ఎలాగని కొందరు. పిల్ల ఎత్తెంత అని మాత్రం ఎవరూ అడగడం లేదు. తీసుకెళ్లమనే మేమూ అంటాం. కానీ నాలుగడుగులు నిండని పిల్లల కోసం పెద్ద పార్కుకి, అదీ మే నెల కత్తిరి ఎండల్లో వెళ్లడం మంచిది కాదు.

పార్కులో అన్నిటికీ సెంటీమీటర్లే లెక్క. చాలాచోట్ల టికెట్ ధర కూడా వయసును బట్టి కాక ఎత్తును బట్టే ఉంటుంది. లోలకంలా ఊగేవి, తలకిందులు చేసేవి ఎక్కాలంటే సాధారణంగా 140 సెంటీమీటర్లు, కుటుంబమంతా కలిసి ఎక్కేవాటిలో కొన్నింటికి 120 దాకా అడుగుతారు. మన పిల్లలు చాలామంది 120 చేరేది ఏడేళ్ల ప్రాంతంలో, 140 చేరేది పదేళ్లు దాటాక. అంటే ఐదేళ్ల పాపని తీసుకెళ్తే అన్నయ్య ఎక్కుతుంటే కింద నిలబడి చూడటమే ఆమె వంతు. అందుకే బయలుదేరే ముందు చెప్పులు లేకుండా, మడమలు గోడకి ఆనించి నిలబెట్టి, తల మీద పుస్తకం అడ్డంగా పెట్టి పెన్సిల్‌తో గీత గీయండి. పార్కు వెబ్‌సైటులో ఒక్కో రైడుకి కావలసిన ఎత్తు చూసి, మీ పిల్ల ఎక్కగలిగినవి లెక్కపెట్టండి. సగం కూడా లేకపోతే ఇంకో ఏడాది ఆగండి.

రైడు దగ్గర ఎత్తు కొలిచే గీత ఎందుకో చాలామందికి తెలియదు. ముగ్గురు కూర్చునే సీటుకి ఒళ్లో పడే కడ్డీ ఒక్కటే ఉందనుకోండి. అటు తండ్రి, ఇటు తల్లి, మధ్యలో పాప. కడ్డీ టకటకమంటూ లోపలి పళ్లచక్రంలో ఒక్కో పన్నూ పట్టుకుంటూ దిగి, తండ్రి తొడకి ఆనగానే ఆగిపోతుంది. పాప తొడకీ కడ్డీకీ మధ్య జానెడు ఖాళీ మిగిలిపోతుంది. రైడు ఒక్కసారిగా కిందికి జారినప్పుడు ఒళ్లు సీటు మీంచి లేస్తుంది. పెద్దవాళ్లను కడ్డీ ఆపుతుంది, పాపకి తల్లి చెయ్యే దిక్కు. మలుపులో 20 కిలోల పిల్ల రెండింతలు, మూడింతలు బరువుతో లాగితే ఆ చెయ్యి నిలవదు. భుజాల మీదికి దిగే హార్నెస్ అయినా అంతే. దాని మెత్తలు భుజాల మీద కూర్చోవాలి, పొట్టి పిల్లలకి అవి చెవుల దగ్గరుంటాయి. ప్రతి కుదుపుకీ తల అటూ ఇటూ కొట్టుకుంటుంది. మందపాటి బూట్లు తొడిగి, మునివేళ్ల మీద నిలబడమని చెవిలో చెప్పి గీత దాటించే తల్లిదండ్రులున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఆపిన ఆపరేటరుతో గొడవ పడకండి, ఆయన మీ పిల్ల ప్రాణం కాస్తున్నాడు.

ఇక రోజు ఎలా గడుస్తుందో చూడండి. పొద్దున 11కి లోపలికి వెళ్లి సాయంత్రం 6కి బయటికొస్తే ఏడు గంటలు. లాకరు, బట్టలు మార్చుకోవడం, భోజనం కలిపి గంటన్నర తీసేయండి. రద్దీ రోజున ఒక్కో వరుసలో 40 నిమిషాలు నిలబడితే మిగిలిన సమయానికి ఎనిమిది రైడ్లు. ఒక్కొక్కటి రెండు నిమిషాలు. ఆ పావుగంట ఆనందం కోసం నలుగురికి టికెట్లు కొంటున్నాం. కాబట్టి రోజు ఎంచుకోవడంలోనే సగం డబ్బు కలిసొస్తుంది. కాణుం పొంగల్ (ముక్కనుమ రోజు), క్రిస్మస్ వారం, మే ఆదివారాలు వద్దే వద్దు. సంక్రాంతి హడావిడి తగ్గాక జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో బడికి సెలవిచ్చిన ఏ మామూలు రోజైనా మేలు. పెద్ద రైడ్లకి మొదటి గంటలోనే వెళ్లండి, నీళ్ల ఆటలు మధ్యాహ్నానికి ఉంచండి. తిన్న గంటలోపు తిరిగే రైడు ఎక్కించొద్దు, వాంతి అక్కడే మొదలవుతుంది.

మే నెలలో వెళ్లక తప్పకపోతే ఎండ సంగతి గుర్తుంచుకోండి. మధ్యాహ్నం జారుడుబల్లల మెట్లు ఉత్త కాళ్లకి కాలుతాయి. ఆటలో పడిన పిల్లలు దాహం చెప్పరు, గంటకోసారి మీరే తాగించాలి. బయటి తిండి చాలా పార్కులు లోపలికి రానివ్వవు, చంటిపిల్లల తిండికి ఉన్న మినహాయింపు ముందే కనుక్కోండి. ఓఆర్‌ఎస్ పొడి పొట్లాలు రెండు జేబులో ఉంచుకోండి. పెద్ద పొట్లం లీటరు నీటికి సరిపోతుంది. పొట్లం మీద రాసిన కొలతకంటే తక్కువ నీళ్లలో కలిపితే మేలు చేయకపోగా కీడు చేస్తుంది. నోరెండిపోయి, ఐదారు గంటలుగా మూత్రానికి వెళ్లని పిల్లని వెంటనే నీడకి చేర్చండి.

నీళ్ల దగ్గర మరింత జాగ్రత్త. నైలాన్ బట్టలే వేసుకోమనడం వ్యాపారం కోసమేనని కొందరి అనుమానం. కానీ కాటన్ తడిస్తే బరువెక్కి కాళ్లకి చుట్టుకుంటుంది, పోగులు ఊడి ఫిల్టర్లలో చేరతాయి. పిల్లలకి నారింజ, గులాబీ లాంటి కొట్టొచ్చినట్టు కనిపించే రంగులు వేయండి. నీలం, తెలుపు వేస్తే నీటి అడుగున పిల్ల కనిపించదు. కొలను దగ్గర ఘాటు వాసన వస్తే క్లోరిన్ బాగా వేశారని సంబరపడతాం. ఆ ఘాటు, ఆ కళ్ల మంట క్లోరిన్ చెమటతో, మూత్రంతో కలిసినప్పుడు పుట్టేవి. సరిగ్గా చూసుకునే కొలనులో స్వేచ్ఛా క్లోరిన్ (మురికితో కలవకుండా, క్రిములను చంపడానికి మిగిలి ఉన్నది) 1 నుంచి 3 పీపీఎం, అంటే లీటరు నీటికి అన్ని మిల్లీగ్రాములు, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం కొలత) 7.2 నుంచి 7.8 ఉండాలి. ఆ రోజు కొలత చూపించమని అడగండి. విరేచనాలవుతున్న పిల్లని దింపకండి, కొన్ని పరాన్నజీవులు క్లోరిన్ నీళ్లలోనూ రోజుల తరబడి బతుకుతాయి. అలల కొలనులో పిల్ల మీ చేతికి అందేంత దూరంలోనే ఉండాలి. మునిగిపోయే పిల్ల కేక వేయదు. ఊపిరికే చాలని నోటికి అరుపెక్కడిది?

ఇప్పుడు ప్రభుత్వం చేయాల్సిన పని. 2019 జూలైలో అహ్మదాబాద్ కంకరియా దగ్గర ఊగే రైడు విరిగిపడి ఇద్దరు చనిపోయారు. 2024 మే 25న రాజ్‌కోట్ గేమ్ జోన్ మంటల్లో కనీసం 27 మంది పోయారు, వారిలో పిల్లలూ ఉన్నారు. దానికి అగ్నిమాపక శాఖ అనుమతే లేదు. 2025 మేలో మన నగరంలోనే ఒక రైడు పైన ఆగిపోతే, దాదాపు 30 మందిని దించడానికి అగ్నిమాపక దళం నిచ్చెన బండి రావాల్సి వచ్చింది. ఆగిపోవడం తప్పు కాదు. కరెంటు పోయినా, సెన్సరు అనుమానించినా రైడు ఆగాలి, సీట్ల కడ్డీల తాళాలు పడే ఉండాలి. ఆగాక జనాన్ని దించే దారి పార్కు దగ్గరే లేకపోవడం తప్పు.

ఉక్కు ఇరుసులో, వెల్డింగ్ అతుకులో పగులు కంటికి కనపడదు. రంగు ద్రవం పూసి తుడిస్తే పై పగుళ్లు, అల్ట్రాసౌండ్‌తో లోపలివి బయటపడతాయి. పై పెయింట్ ఎంత మెరిసినా లాభం లేదు. ఈసీఆర్ (చెన్నై నుంచి సముద్రతీరం వెంట పోయే రోడ్డు) పక్కన ఉప్పుగాలికి బోల్టులు ఇంకా త్వరగా తుప్పు పడతాయి. అపార్ట్‌మెంట్ లిఫ్టుకి తమిళనాడులో 1997 నుంచే చట్టం ఉంది, లైసెన్సు కావాలి. పిల్లల్ని గాల్లో తిప్పే యంత్రం గురించి వరుసలో నిలబడ్డ తండ్రికి ఏం తెలుస్తోంది? ప్రతి రైడు ముందూ తమిళం, తెలుగు, ఇంగ్లిష్‌లలో ఒక బోర్డు ఉండాలి: తయారైన సంవత్సరం, పగుళ్ల పరీక్ష చివరిసారి చేసిన తేదీ, చేసిన సంస్థ, ఆగిపోతే దించే పద్ధతి. మాల్ గేమ్ జోన్ల గుమ్మం దగ్గర అగ్నిమాపక అనుమతి పత్రం, రెండో ద్వారం చూపే పటం ఉండాలి.

చిన్నపిల్లలకి దగ్గర్లో చాలా ఉన్నాయి. వండలూరు జూ (మంగళవారం సెలవు), కోట్టూర్‌పురం బిర్లా ప్లానెటేరియం (నక్షత్రశాల), మహాబలిపురం దారిలో మొసళ్ల బ్యాంకు. లోకల్ రైలెక్కితే సూళ్లూరుపేట. చలికాలంలో పులికాట్‌కి రాజహంసలు, నేలపట్టుకి గూడబాతులు వస్తాయి. శ్రీహరికోటలో రాకెట్ చూసే గ్యాలరీ 2019 నుంచి ఉంది, ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. వీటిలో ఎక్కడా ఎత్తు కొలిచి పిల్లని వెనక్కి పంపరు.

బోర్డుల సంగతి సెలవులు మొదలయ్యేలోపే తేల్చాలని జిల్లా కలెక్టర్లను మీ పత్రిక ద్వారా కోరుతున్నాం.

ఇట్లు,
రైడ్ల నిర్వహణ, పిల్లల ఆరోగ్యం తెలిసిన కొందరు తెలుగువారు,
చెన్నై