అలసిన ఇంట్లో నవ్వు నిలవదు

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం.

చిన్నపిల్లల ముద్దుమాటలను, అల్లరి చేష్టలను పత్రికలు తరచుగా ప్రచురిస్తుంటాయి. వాటిని ఇష్టంగా చదివేవారిలో నేనూ ఒకదాన్ని. నాలుగేళ్లు దాటిన కూతురు, ఏడాదిన్నర కొడుకు ఉన్న ఇంట్లో అలాంటి ముచ్చట్లకు కొదవ ఉండదు. అయితే ఆ ముచ్చట చూసి నవ్వేది ఒకరు, ఆ తర్వాత నేల తుడిచేది మరొకరు కావడం ఎన్నో ఇళ్లలో కనిపిస్తుంది. ఒక గంట సేపు వచ్చి వెళ్లేవారికి ముద్దుగా తోచే చేష్టే, తెల్లవారినప్పటి నుంచి పిల్లల వెంట ఉన్నవారికి ఓపిక పరీక్ష అవుతుంది. పసిపిల్లల పెంపకంలోని హాస్యం గురించి మాట్లాడేటప్పుడు, ఆ హాస్యాన్ని ఆస్వాదించే తీరిక ఇంట్లో ఎవరికి ఉందన్న ప్రశ్నను వదిలిపెట్టకూడదని నా గట్టి నమ్మకం. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

పిల్లల చేష్టల్లో అర్థం లేనివి చాలా తక్కువ. మా అమ్మాయి మొన్నమొన్నటిదాకా దాగుడుమూతలాటలో గది నడిమధ్య నిలబడి, రెండు చేతులతో కళ్లు మూసుకుని, తనను వెతకమనేది. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో ఈ విషయాన్నే పరిశీలించారు. కళ్లు మూసుకున్నప్పుడు తమ ఒళ్లు ఎదుటివారికి కనిపిస్తూనే ఉంటుందని చాలామంది పిల్లలు ఒప్పుకున్నారట. కానీ చూపులు కలవనంత వరకు ‘తాము’ మాత్రం కనిపించడం లేదని నమ్మారట. ఫోనులో తాతయ్య ‘నిద్ర లేచావా తల్లీ’ అని అడిగితే, నోరు విప్పకుండా తల ఊపి, జవాబు చెప్పేశాననుకునే పిల్లల తీరు కూడా ఇలాంటిదే. తాను చూస్తున్నదాన్నే అవతలివారూ చూస్తున్నారని ఆ వయసు అనుకుంటుంది. స్విట్జర్లాండ్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జాఁ పియాజే (1896–1980) తన సొంత పిల్లలను ఏళ్ల తరబడి గమనించి, పసివారి ఆలోచన పెద్దల ఆలోచనకు చిన్న రూపం కాదని, దానికి వేరే పద్ధతి ఉందని చెప్పాడు. ఇల్లు నడిపేవారికి ఇంతకన్నా ఉపయోగపడే మాట మరొకటి లేదని నేను అంటాను.

ఉదాహరణకు నీళ్ల గ్లాసుల గొడవనే తీసుకోండి. ఒకే కొలత నీళ్లు ఒక వెడల్పాటి గ్లాసులోనూ, ఒక సన్నని పొడవాటి గ్లాసులోనూ పోసి అక్కాతమ్ముళ్ల ముందు పెడితే, తమ్ముడికి ఎక్కువ పోశారని పెద్దది కన్నీళ్లు పెట్టుకుంటుంది. తన కళ్ల ముందే వెనక్కి ఒంపి చూపించినా ఒప్పుకోదు. సుమారు 7 ఏళ్ల లోపు పిల్లలు సాధారణంగా నీటి మట్టం ఎత్తునే చూస్తారు గానీ, ఎత్తును వెడల్పుతో కలిపి లెక్కించలేరని పియాజే ప్రయోగాలు చూపాయి. అది పేచీ కాదు, అన్యాయం జరిగిందన్న నిజమైన బాధ. అక్కడ వాదన పనికిరాదు. ఒకే రకం గ్లాసులు రెండు తెచ్చి పెట్టుకోవడమే మేలైన మార్గం. ఇంకా చిన్నవాడు కుర్చీలో కూర్చుని చెంచా కింద పడేసి, అది ఎలా పడిందో వంగి చూసి, మళ్లీ చేయి చాపుతాడు. ఒకసారి నేరుగా వదులుతాడు, ఒకసారి విసురుతాడు, ఒకసారి మన ముఖం చూస్తూ మెల్లగా జారవిడుస్తాడు. ఏడాది నుంచి ఏడాదిన్నర వయసు పిల్లలు ఇలా కావాలనే రకరకాలుగా చేసి ఫలితం ఎలా మారుతుందో పరీక్షిస్తారని పియాజే రాశాడు. ఆ పరీక్ష మొదటిసారి చూసినవారికి ఆశ్చర్యం కలుగుతుంది. పొద్దుగూకే వేళకు, అప్పటికే లెక్కలేనన్నిసార్లు వంగి లేచిన నడుముకు, ఆ ఆశ్చర్యం మిగలదు.

చేతి వేళ్ల నిండా రంగు అంటించుకుని, ‘గోడ మీద గీసింది నేను కాదు, తమ్ముడే’ అని చెప్పే పిల్లను చూసి కొందరు పెద్దలు కంగారుపడతారు. వారికి ఒక ఊరట ఉంది. ఒక మనిషి మనసులో నిజం కానిది కూడా నిజమన్న నమ్మకంగా ఉండవచ్చని పిల్లలు ఎప్పుడు గ్రహిస్తారో, 1983లో హైన్జ్ విమర్, యోసెఫ్ పెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు పరీక్షించారు. 4 ఏళ్ల ప్రాంతంలో చాలామంది పిల్లలకు ఆ గ్రహింపు మొదలవుతుందని ఆ తర్వాతి పరిశోధనలెన్నో చూపాయి. అంటే ఆ తొలి అబద్ధాల వెనుక దుర్గుణం కన్నా ముందు, ఎదుటివారి మనసును ఊహించగలిగిన కొత్త శక్తి ఉంది. నిజం చెప్పడం నేర్పాలి, తప్పకుండా నేర్పాలి. నేర్పేటప్పుడు గొంతులో కోపం లేకుండా ఉండాలంటే మాత్రం, నేర్పేవారు ముందు రాత్రి కంటినిండా నిద్రపోయి ఉండాలి.

నిద్ర సంగతికి వస్తాను, ఎందుకంటే అసలు కష్టం అక్కడే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో 5 ఏళ్ల లోపు పిల్లల కోసం ఇచ్చిన సూచనల ప్రకారం, 1–2 ఏళ్ల వారికి పగటి కునుకులతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటలు, 3–4 ఏళ్ల వారికి 10 నుంచి 13 గంటలు నిద్ర కావాలి. కాగితం మీద చూస్తే తల్లికి బోలెడంత విరామం దొరుకుతుందనిపిస్తుంది. కానీ ఆ గంటలు ముక్కలు ముక్కలుగా వస్తాయి. ఒకరు కునుకు తీసే వేళకు రెండోవారు లేస్తారు. అదే సూచనల్లో 2 ఏళ్లు నిండని పిల్లలకు టీవీ, ఫోను తెరలు అసలే వద్దని, 2 ఏళ్లు దాటాక కూడా రోజుకు 1 గంట మించకూడదని, తక్కువైతే ఇంకా మంచిదని ఉంది. ఈ సలహాను నేను పూర్తిగా సమర్థిస్తాను. అయితే ఇంట్లో ఒంటరిగా ఇద్దరు పసివాళ్లతో ఉన్న మనిషి స్నానానికి వెళ్లాలంటే ఎవరో ఒకరు పిల్లల్ని చూడాలి కదా. ఆ ‘ఎవరో’ లేనిచోట పిల్లల చేతికి ఫోను వస్తుంది. తల్లిని తప్పుపట్టే ముందు, ఆ పది నిమిషాలు బిడ్డను పట్టుకోవడానికి ఇంట్లో మరో మనిషి ఉన్నారా అని అడగడం న్యాయం.

ఇల్లు ఉన్నట్టుండి చడీచప్పుడు లేకుండా అయిపోతే, పిల్లలున్న వారెవరైనా చేతిలో పని వదిలేసి పరుగెత్తుతారు. చాలాసార్లు అక్కడ దొరికేది చింపిన కాగితాలో, పౌడరు పూసుకున్న ముఖమో అవుతుంది గనుక నవ్వుతో పోతుంది. అన్నిసార్లూ అలా పోదు. బొమ్మల్లో, రిమోట్లలో ఉండే గుండ్రని బొత్తాం బ్యాటరీని పిల్లలు మింగితే, అది అన్నవాహికలో ఇరుక్కుని 2 గంటల్లోనే లోపల తీవ్రంగా కాల్చగలదు. అనుమానం వస్తే చాలు, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పసిపిల్లలను కనిపెట్టుకుని ఉండటమంటే ఇదే. పక్కనే ఊరికే కూర్చున్నట్టు పైకి కనిపించినా, ఆ మనిషి క్షణం కూడా విశ్రాంతిలో ఉండరు.

మారాం విషయంలో మరో మాట చెప్పాలి. పిల్లలు నేల మీద పడి పొర్లి ఏడ్చే సన్నివేశాలను ఫోనులో తీసి నలుగురికీ పంచి నవ్వించే అలవాటు పెరిగింది. ఇది నాకు ఎంతమాత్రం నచ్చదు. 2003లో మైకేల్ పొటెగల్, రిచర్డ్ డేవిడ్సన్ ప్రచురించిన అధ్యయనంలో, నాలుగింట మూడు వంతుల మారాములు 5 నిమిషాల లోపే ముగిశాయి. అందులో కోపం మొదట్లోనే తారస్థాయికి చేరి తగ్గుతుందని, దుఃఖం మాత్రం సాగుతుందని వారు గమనించారు. అంటే చివర్లో మనం చూసేది ఓదార్పు కోరుతున్న బిడ్డను. ఆ క్షణంలో బిడ్డకు ఒడి కావాలి, కెమెరా కాదు. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒప్పందం 16వ అధికరణంలో పిల్లల గోప్యతకు, గౌరవానికి రక్షణ ఉంది. వచ్చీరాని మాటలు ఇంట్లోవాళ్లు చెప్పుకుని మురిసిపోవడంలో తప్పు లేదు. ఏడుపును ఊరందరికీ చూపడం వేరు.

ఇక పని పంపకం. అదే ఒప్పందం 18వ అధికరణం బిడ్డ పెంపకంలో తల్లిదండ్రులిద్దరికీ ఉమ్మడి బాధ్యత ఉందని చెబుతుంది. ఆచరణ ఎలా ఉందో అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018 నివేదిక చెప్పింది: ప్రపంచంలో జీతం లేకుండా జరిగే సంరక్షణ పనిలో 76.2 శాతం స్త్రీలే చేస్తున్నారు. చాలామంది తండ్రులు పిల్లలతో ఆడతారు, ఎత్తుకుంటారు, నవ్విస్తారు. అది బిడ్డకు ఎంతో అవసరం. కానీ కాసేపు ఆడించడం వేరు, ఒక పూట మొత్తాన్ని తనదిగా తీసుకోవడం వేరు. గోళ్లు పెరిగాయని గమనించడం, పొట్టి అయిపోయిన బట్టలు తీసి పక్కన పెట్టడం, మందు ఎన్ని గంటలకు వేశామో గుర్తుంచుకోవడం, ఏ దుప్పటి లేకపోతే నిద్రపోరో తెలిసి ఉండటం కూడా ఆ పూటలోకే వస్తాయి. ఎవరూ చెప్పకుండా, అడగకుండా ఇవన్నీ చేసినప్పుడే రెండోవారి తల బరువు దిగుతుంది. మా ఇంట్లో సాయంత్రం స్నానం నుంచి నిద్రపుచ్చేదాకా మా వారు పూర్తిగా తన బాధ్యతగా తీసుకున్నాక, నాకు మొట్టమొదట తెలిసిన మార్పు ఏమిటంటే, మా వాడి చెంచా ఆట చూసి నేను మళ్లీ నవ్వగలుగుతున్నాను. ఆయనకు కూడా మా అమ్మాయి అర్ధరాత్రి అడిగే ‘చీకటి పగలు ఎక్కడికి వెళ్తుంది’ లాంటి ప్రశ్నలు నేరుగా వినే భాగ్యం దక్కింది. లేకపోతే అవి నా నోటి ద్వారానే వినేవారు.

కాబట్టి మీ పత్రికకు నా మనవి ఇది. పిల్లల ముచ్చట్లు పంపేవారిని, ఆ పూట బిడ్డను చూసుకుంటున్నది ఎవరో కూడా ఒక వాక్యంలో రాయమని కోరండి. రోజంతా పిల్లలతో గడిపే తండ్రులు, తాతయ్యలు, అమ్మమ్మలు, నాయనమ్మలు రాసే అనుభవాలకు చోటు ఇవ్వండి. చేష్ట వెనుక ఉన్న కారణాన్ని పిల్లల వైద్యులు, మనస్తత్వ నిపుణులు నాలుగు మాటల్లో వివరిస్తే పక్కనే ప్రచురించండి. ఏడుస్తున్న పసివారి ఫోటోలను మాత్రం నవ్వుల శీర్షికల్లో వేయవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తల్లి, మీ పాఠకురాలు