ఆమెను ఆమె భాషలో అడగండి: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

మహారాష్ట్ర ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

మరాఠీలో మూడు అర్జీలు పెట్టుకున్నాం. మొదటిది తాలూకాలో, రెండోది జిల్లాలో, మూడోది రిజిస్టర్ పోస్టులో నేరుగా మీ కార్యాలయానికి. రసీదులు దాచుకున్నాం, జవాబు ఒక్కదానికీ రాలేదు. అందుకే ఈసారి మేం ఇంట్లో మాట్లాడుకునే భాషలో రాస్తున్నాను. ఇది మీకు చదివి చెప్పడానికి తెలుగు వచ్చిన మనిషి ఒకరు కావాలి. దెబ్బలతో దవాఖానకు వచ్చే మా ఆడవాళ్లకు కావలసింది కూడా ఆ ఒక్క మనిషే.

మాది గడ్చిరోలి జిల్లాలో ప్రాణహిత ఒడ్డున ఉన్న ఊరు. బచత్ గట్‌లో, అంటే ఆడవాళ్ల పొదుపు సంఘంలో, లెక్కలు రాస్తాను. మా దగ్గర చాలామంది కోడళ్లు నది అవతల చెన్నూరు, మంచిర్యాల వైపు నుంచి వచ్చినవాళ్లు. వాళ్లకు వచ్చిన మరాఠీ సంతలో బేరానికి సరిపోతుంది. ఒంటి మీద దెబ్బ ఎలా తగిలిందో చెప్పుకోవడానికి సరిపోదు.

పోయిన వానాకాలం ఒక రాత్రి అలాంటి ఒకామెను దవాఖానకు తీసుకెళ్లాం. మణికట్టు విరిగింది, కంటి కింద కమిలిపోయింది. భర్త కూడా వచ్చాడు. ఆ వేళ దొరికిన బండి అతనిదే మరి. నర్సమ్మ మరాఠీలో ఏమైందని అడిగింది. ఆమె నోరు తెరిచేలోపే అతను మెట్ల మీద నుంచి పడిందని చెప్పాడు. అయ్యా, వాళ్లది రేకుల ఇల్లు. ఆ ఇంటికి మెట్లే లేవు. నేను చెప్పబోతే రోగి దగ్గర ఒక్కరే ఉండాలన్నారు. ఆ ఒక్కరు భర్తే అయ్యాడు, నేను వరండాలోకి వచ్చేశాను. కేస్ పేపర్ మీద పడటం వల్ల దెబ్బ అని రాశారు. కట్టు కట్టి, మాత్రలిచ్చి, అదే బండి మీద అదే మనిషి వెనక కూర్చోబెట్టి ఇంటికి పంపారు.

నర్సమ్మను నేను తప్పు పట్టను. ఆ రాత్రి జ్వరాల వార్డు, కాన్పులు అన్నీ ఆమె ఒక్కతే చూస్తోంది. ఆమెకు తెలుగు రాదు. పక్కకు పిలిచి అడగాలని ఆమెకు ఎవరూ నేర్పలేదు, అడగడానికి వేరే గది కూడా లేదు.

తర్వాత ఆ అమ్మాయి ధైర్యం చేసి కోర్టుకు వెళ్లింది. అక్కడ మొదట అడిగింది దెబ్బల కాగితం. ఆ కాగితంలో ఉన్నది భర్త చెప్పిన మాట. సరిచేయమని మూడుసార్లు తిరిగాం, రాసింది మార్చలేమన్నారు. రిపోర్టు నకలు అడిగితే పోలీసు లెటర్ తెమ్మన్నారు.

గృహహింస చట్టం 2005లో వచ్చింది, 2006లో నియమాలు వచ్చాయి. ఫిర్యాదు లేదని వైద్యం నిరాకరించకూడదని వాటిలోనే ఉంది. గృహహింస రిపోర్టు అప్పటికి లేకపోతే దవాఖానవాళ్లే ఆ ఫారం నింపి రక్షణ అధికారికి పంపాలని, పరీక్ష రిపోర్టు నకలు బాధితురాలికి ఉచితంగా ఇవ్వాలని కూడా ఉంది. ఇవన్నీ మీకు తెలిసినవే. మా దవాఖానలో ఆ ఫారం ఎప్పుడైనా నింపారా అని అడిగితే, ఏ ఫారం అని మమ్మల్నే తిరిగి అడిగారు.

ఇది మన రాష్ట్రంలో ఎక్కడా జరగని పని కూడా కాదు. ముంబై బాంద్రాలోని భాభా ఆసుపత్రిలో 2000లోనే దిలాసా కేంద్రం మొదలైంది. దెబ్బలతో వచ్చిన ఆడమనిషిని విడిగా కూర్చోబెట్టి, ఏం జరిగిందని అడిగి, ఆమె చెప్పింది వినే మనిషి ఆసుపత్రిలోనే ఉంటారు. ఇన్నేళ్లయినా అది ప్రాణహిత దాకా రాలేదు. హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖీ సెంటర్ గడ్చిరోలిలో ఉంది కదా అంటారు. మా సిరోంచ వైపు నుంచి అక్కడికి దాదాపు 200 కిలోమీటర్లు. విరిగిన చెయ్యితో, చంకలో పిల్లతో, చేతిలో బస్సు కిరాయి లేకుండా ఆమె ఎలా వెళ్తుంది? వానలు పడితే ఆ దారి ఎలా ఉంటుందో మీ అధికారులను అడగండి.

మేం కొత్త బిల్డింగు అడగడం లేదు. తెలుగు, గోండీ వచ్చిన ఒక మహిళా కార్యకర్తను రాత్రి డ్యూటీలో కూడా ఉండేలా పెట్టండి. మా ఊళ్ల చదువుకున్న ఆడపిల్లలు ఉన్నారు, వాళ్లకే శిక్షణ ఇవ్వండి. ఒక్క గది ఇవ్వండి, పరదా కట్టినా చాలు. భర్తను, అత్తను బయట నిలబెట్టి ఆమెను అడగండి. ఆమె చెప్పింది చెప్పినట్టు రాయండి. నకలు ఆమె చేతికే ఇవ్వండి. దయచేసి ఆమెను అడగండి సార్, ఆమెను.

ఆ అమ్మాయి చెయ్యి వంకరగానే అతుక్కుంది, బిందె ఎత్తలేకపోతోంది. ఇప్పుడు పుట్టింట్లో ఉంది. వచ్చే నెల మళ్లీ వాయిదా. కేస్ పేపర్‌లో ఇంకా ఆమె మెట్ల మీద నుంచి పడినట్టే ఉంది. ఆ ఒక్క కాగితం సంగతైనా వాయిదా లోపు చూడండి.

ఇట్లు,
బచత్ గట్ సభ్యురాలు,
గడ్చిరోలి జిల్లా