బోటనీ టూర్ తేదీకి ముందు ఆటుపోట్లు చూడండి

సంపాదకుల వారికి,

డిగ్రీ కాలేజీల బోటనీ టూర్లంటే వరంగల్, కరీంనగర్ పిల్లలు ఎక్కువగా విశాఖకే పోతారు. రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లారేసరికి దిగుతారు. కైలాసగిరి, సబ్‌మెరైన్ మ్యూజియం చూసుకుని తీరిగ్గా బీచ్‌కు చేరేసరికి చాలాసార్లు సముద్రం పోటు మీద ఉంటుంది. శైవలాలు (నాచు జాతి మొక్కలు) చూడవలసిన బండలన్నీ నీళ్ల కింద!

స్పైరోగైరా అనే ఆకుపచ్చ నాచుకైతే మనకు వడ్డేపల్లి చెరువు గట్టు చాలు. ఎర్ర శైవలాలు అట్లా కాదు, ఏ కొన్నో తప్ప అన్నీ సముద్రంలోవే. ల్యాబులో ఫార్మలిన్ సీసాలోని గ్రాసిలేరియా అనే ఎర్ర శైవలం పాలిపోయి ఉంటుంది. పాలిపోయిన ముక్కను చూపించి రికార్డులో 'ఎరుపు' అని రాయించడం నాకెప్పుడూ బాధగానే ఉండేది.

నీరు తీసిన వేళ తెన్నేటి పార్కు కింది రాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. ఒకే బండకు రెండు వైపులా చూడమనండి. అల నేరుగా కొట్టే వైపు తుంపర పైదాకా తడుపుతుంది కాబట్టి శైవలాలూ అంత ఎత్తుకు పాకుతాయి. చాటు వైపు పైభాగం ఎండకు మాడుతుంది, అక్కడ అవి కిందనే ఆగిపోతాయి. అలల దెబ్బకు పొడుగాటివి తెగిపోయి, పొట్టిగా గుబురుగా బండను కరుచుకున్నవే మిగులుతాయి. ఆంఫిరోవా, జేనియా అనే ఎర్ర శైవలాల ఒంట్లో సున్నం పేరుకుని గట్టిగా ఉంటాయి. కానీ కణుపుల దగ్గర సున్నం ఉండదు, అక్కడ వంగుతాయి, అలకు తట్టుకుంటాయి. ఒక్కసారి వేలితో తాకితే పిల్లలు జన్మలో మరవరు. అన్నట్టు, మైక్రోబయాలజీ పిల్లలు సూక్ష్మజీవులను పెంచడానికి రోజూ వాడే జెల్లీ లాంటి అగార్ కూడా జెలీడియం, గ్రాసిలేరియా అనే ఎర్ర శైవలాల నుంచే వస్తుంది.

అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో నీరు బాగా వెనక్కి పోతుంది. సర్వే ఆఫ్ ఇండియా ఏటా వేసే టైడ్ టేబుల్స్‌లో విశాఖ వేళలుంటాయి. అవి చూశాకే టికెట్లు తీయండి. పాకుడు బండలు జారతాయి, సముద్రానికి వీపు పెట్టి ఎవరినీ నిలబడనివ్వకండి.

ఇంకొకటి. హెర్బేరియం (ఎండబెట్టి అతికించి దాచే మొక్కల నమూనాలు) కోసం తలా ఒక గుప్పెడు పీకే అలవాటు మాన్పించాలి. యాభై మంది పీకితే ఆ బండ మీద ఏం మిగులుతుంది? బ్యాచ్ మొత్తానికి ఒక్క నమూనా, మిగతావాళ్లకు ఫొటోలు చాలు. సిలబస్ తయారుచేసే యూనివర్సిటీ బోర్డ్ ఆఫ్ స్టడీస్ వారు, ఆటుపోట్లు చూసి తేదీ పెట్టుకోవడం, బ్యాచ్‌కు ఒక్క నమూనాయే తీయడం అనే ఈ రెండు మాటలూ ప్రాక్టికల్ సిలబస్‌లోనే రాయాలని కోరుతున్నాను.

– విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకురాలు, హనుమకొండ