రెండు ట్రాకులతో సరిపెట్టుకోవద్దండీ

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయినవారం మీ టెక్నాలజీ పేజీలో కచేరీలు రికార్డ్ చేసుకోవడం మీద వచ్చిన వ్యాసం చదివాను, బాగానే ఉంది గానీ ఒక మాట దగ్గర ఆగిపోయా, మైకులన్నింటినీ కలిపే మిక్సర్‌లో, ఆ కలిసిన సౌండ్ బయటికొచ్చే మెయిన్ అవుట్ నుంచి రెండు వైర్లు తీసి లాప్‌టాప్‌కి పెట్టేస్తే రికార్డింగ్ పని అయిపోయినట్టే అన్నారు. మామూలు అనలాగ్ మిక్సర్ అయితే చాలామందికి అంతకంటే దారి ఉండదు, అది వేరే సంగతి. డిజిటల్ మిక్సర్ ముందు కూర్చుని కూడా అలాగే చేస్తే చేతికొచ్చినదాన్ని వదిలేసుకోవడమే, అందుకే రాస్తున్నా.

నేనూ మొదట్లో అలాగే చేసేవాణ్ణి. ఒక కచేరీలో డ్రమ్స్ మైకు లేకపోయినా హాలంతా మోగిపోతున్నాయని వాటి ఫేడర్ (సౌండ్ పెంచి తగ్గించే జారుడు మీట) దాదాపు కిందికి దింపేసి గొంతు మాత్రం పైకి పెట్టా, కూర్చున్నవాళ్ళకి అంతా సరిగ్గానే వినపడింది, ఎవరూ ఏమీ అనలేదు. ఇంటికెళ్ళి ఆ ఫైల్ పెట్టుకుని వింటే గొంతు మీదకొచ్చి పడుతోంది, డ్రమ్స్ పక్కింట్లో ఎవరో వాయిస్తున్నట్టున్నాయి, వయొలిన్ అయితే వెతుక్కోవాల్సి వచ్చింది. తప్పు ఎవరిదీ కాదు, మనం అక్కడ చేసే మిక్స్ ఆ హాలు కోసం చేసేది, ఇయర్‌ఫోన్స్‌లో వినడానికి కాదు. ఆ రోజు వయొలిన్ ఆయన అంత బాగా వాయించారు, గొంతుతో కలిసిపోయిన దాన్ని విడదీసి పైకి తేవడం మాత్రం నా వల్ల కాలేదు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

ఇప్పుడు దొరికే చాలా డిజిటల్ మిక్సర్లని కంప్యూటర్‌కి యూఎస్‌బీ కేబుల్‌తో కలిపితే ఒక్కో మైకు సౌండ్ ఒక్కో ట్రాకుగా, అంటే వేరే రికార్డింగ్‌గా, విడివిడిగా వచ్చేస్తుంది. బెహ్రింగర్ కంపెనీ ఎక్స్32 మిక్సర్‌లో అయితే ఆ ఒక్క కేబుల్ మీదే 32 ఛానళ్ళు కంప్యూటర్‌లోకి వెళ్తాయి, 32 తిరిగి మిక్సర్‌లోకి వస్తాయి. అయితే యూఎస్‌బీ పోర్ట్ కనపడింది కదా అని సంబరపడకూడదు, కొన్నింట్లో అది పెన్‌డ్రైవ్ పెట్టుకోవడానికి మాత్రమే, కొన్నింట్లో కంప్యూటర్‌కి పోయేది ఆ స్టీరియో రెండు ఛానళ్ళే, మాన్యువల్‌లో ఎన్ని ఛానళ్ళు అని రాసుందో చూసుకోవాలి.

అసలు కిటుకంతా రూటింగ్‌లో, అంటే ఏ సిగ్నల్‌ని మిక్సర్‌లో ఎక్కణ్ణుంచి తీసి ఎక్కడికి పంపాలో పెట్టుకోవడంలో ఉంది. సిగ్నల్‌ని ఫేడర్ తర్వాత నుంచి తీసుకుంటే కచేరీలో ఫేడర్ కదిపినప్పుడల్లా రికార్డింగ్‌లో కూడా కదులుతుంది, మనం మ్యూట్ చేస్తే ట్రాకులో కూడా ఖాళీయే. మైకు సిగ్నల్‌ని మొదట పెంచే ప్రీయాంప్ దాటగానే, సౌండ్‌ని దిద్దే ఈక్యూ, హెచ్చుతగ్గులు తగ్గించే కంప్రెసర్ లాంటివేవీ తగలకముందే తీసుకుంటే హాలు కోసం ఏం చేసుకున్నా ట్రాకు శుభ్రంగా ఉంటుంది. అప్పుడు రికార్డింగ్‌ని పాడుచేయగలిగేది మిక్సర్ మీద ఒక్క గెయినే, అంటే ఆ ప్రీయాంప్ ఎంత పెంచాలో చెప్పే నాబ్. పాట మధ్యలో గెయిన్ తిప్పారంటే ట్రాకులో సౌండ్ అక్కడికక్కడ మారిపోతుంది, ఎర్ర లైటు వెలిగేదాకా పెంచారంటే ఆ చిరిగిపోయిన గొంతుని తర్వాత ఎవరూ బాగుచెయ్యలేరు. 24 బిట్‌లో రికార్డ్ చేస్తున్నప్పుడు మీటరు నిండా రావాలన్న తాపత్రయం అక్కర్లేదు, మామూలుగా మైనస్ 18 డీబీ దగ్గర ఆడుతూ గట్టిగా పాడినప్పుడు పైకి లేచినా ఇంకా చోటు మిగిలేలా పెట్టుకుంటే హాయిగా ఉంటుంది.

కంప్యూటర్ దగ్గర నేను ఎక్కువమంది చేయగా చూసిన పొరపాటు బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతకి పోగుచేసుకునే శాంపిళ్ళ, అంటే సౌండ్ కొలతల, లెక్క) బాగా తగ్గించేయడం. వాయించేవాళ్ళకి సౌండ్ మిక్సర్ నుంచే వెళ్తోంది, కంప్యూటర్ ఊరికే రాసుకుంటోంది, మరి లేటెన్సీతో, అంటే కంప్యూటర్ వల్ల వచ్చే ఆలస్యంతో పనేముంది. 1024 పెట్టుకున్నా 48 కిలోహెర్ట్జ్‌లో వచ్చే ఆలస్యం 21 మిల్లీసెకన్లే, అదీ ఎవరి చెవికీ చేరదు, కానీ 64 పెడితే లాప్‌టాప్ ఊపిరాడక మధ్యలో టిక్ టిక్ మని గ్యాపులు పడతాయి. విండోస్‌లో అయితే మిక్సర్ కంపెనీ ఇచ్చే ఆసియో (ASIO) డ్రైవర్, అంటే సౌండ్‌ని నేరుగా అందించే సాఫ్ట్‌వేర్, వేసుకోవాలి, మిక్సర్‌లోనూ సాఫ్ట్‌వేర్‌లోనూ శాంపిల్ రేట్ (సెకనుకి ఎన్ని శాంపిళ్ళు అన్నది) ఒకటే ఉండాలి. 44.1లో పట్టినదాన్ని 48 అనుకుని ప్లే చేస్తే పాట వేగం పెరిగి శ్రుతి దాదాపు ఒకటిన్నర సెమిటోన్ పైకి పోతుంది, పాడినామె గొంతు చిన్నపిల్ల గొంతులా వినిపిస్తుంది.

డిస్కు సంగతి కూడా ముందే చూసుకోవాలి, 24 బిట్ 48 కిలోహెర్ట్జ్‌లో 32 ఛానళ్ళంటే గంటకి పదహారు జీబీ పైనే. మామూలు వేవ్ (WAV) ఆడియో ఫైల్ 4 జీబీ దాటలేదు కాబట్టి అన్ని ఛానళ్ళూ ఒకే ఫైల్‌లో పెడితే పావుగంటకే నిండిపోతుంది, ఛానల్‌కో ఫైల్ అయితే దాదాపు ఎనిమిది గంటల దాకా ఇబ్బంది లేదు.

ఇంకో మాట, మైకులన్నీ దగ్గరగా పెట్టి పట్టిన ట్రాకులు పొడిపొడిగా ఉంటాయి, చప్పట్లు వినపడవు, అందుకని జనం వైపు రెండు మైకులు పెట్టి వాటికీ రెండు ట్రాకులివ్వండి, హాల్లో స్పీకర్లకి పంపకుండా. స్టేజీకి పదిహేడు మీటర్ల దూరంలో ఉన్న మైకుకి సౌండ్ 50 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది, తర్వాత సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాకుని అంత ముందుగా వినపడేలా జరుపుకుంటే రెండూ కలిసిపోతాయి.

మొదటిసారి ఇలా పదహారు ట్రాకులు పట్టుకొచ్చి రాత్రి వయొలిన్ ట్రాకు ఒక్కదాన్నే సోలో చేసి, అంటే మిగతావి ఆపేసి విన్నా. కమాను తీగ మీద తిరగబడేటప్పుడు వచ్చే ఆ సన్నటి గీరుడు, వెనకాల ఎక్కడో డ్రమ్స్ లీకవుతూ, చరణం ఎత్తుకునే ముందు గాయని తీసుకున్న ఊపిరి కూడా ఆ మైకులోకి పడింది. హాల్లో అంత దగ్గర కూర్చున్న నాకే అవేవీ వినపడలేదు.

ఈ ట్రాకులతో ఇంకో లాభం ఉంది. మర్నాడు వాటిని కంప్యూటర్ నుంచి అవే ఛానళ్ళలోకి వెనక్కి పంపి ప్లే చేస్తే బ్యాండ్ అక్కడ లేకుండానే సౌండ్‌చెక్ చేసుకోవచ్చు, కొత్తగా నేర్చుకునే కుర్రాళ్ళకి ఒక పాట పెట్టిచ్చి మిక్స్ చేసుకోమనొచ్చు, చెడిపోతుందన్న భయం ఉండదు.

మీరు ఈ విషయం మీద మళ్ళీ రాస్తే దయచేసి ఆ మెయిన్ అవుట్ మాటతో ఆపకుండా రూటింగ్ పేజీ ఫోటో ఒకటి వేసి, సిగ్నల్ ఎక్కణ్ణుంచి తీసుకోవాలో బాణం గుర్తుతో చూపించండి. పాడేవాళ్ళూ వాయించేవాళ్ళూ కూడా కచేరీకి ముందే సౌండ్ అబ్బాయిని ట్రాకులు విడివిడిగా పడుతున్నావా అని అడగాలి, మొదటి పాట మొదలయ్యాక అడిగితే ఆ పాట పోయినట్టే.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక సౌండ్ ఇంజనీర్