ఆదివారం మీటింగ్: లెక్కలు బోర్డు మీద, ఓటు గుట్టుగా

అందరికీ నమస్కారం.

ఈ ఆదివారం సాయంత్రం 5 గంటలకు టెర్రస్ మీద మీటింగ్. ప్రతి ఫ్లాట్ నుంచి ఒకరు తప్పకుండా రావాలి.

లిఫ్ట్ రిపేరు ఖర్చు గురించి మెట్ల దగ్గర గుసగుసలు నడుస్తున్నాయి. డబ్బు ఎవరూ తినలేదు. కానీ బిల్లులు బీరువాలో ఉంటే అనుమానం రాక ఏమవుతుంది? ఇకనుంచి బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్ నెలనెలా నోటీసు బోర్డు మీద పెడదాం.

అలాగని బాకీ ఉన్నవాళ్ల పేర్లు గ్రూపులో వేయొద్దు. ఎవరి ఇబ్బంది వాళ్లది, ట్రెజరర్ గారు వాళ్లతోనే మాట్లాడతారు. 2005 సమాచార హక్కు చట్టమే 8వ సెక్షన్‌లో సొంత వివరాలకు మినహాయింపు ఇచ్చింది.

కొత్త కమిటీని చీటీలతో ఎన్నుకుందాం. చేతులెత్తమంటే ఎదురింటి అన్న మొహం చూసి ఎత్తేవాళ్లే ఎక్కువ! ఎవరికి వేశారని ఇంట్లో కూడా అడగొద్దు.

పోటీ చేసేవాళ్లు శుక్రవారం రాత్రిలోపు పేరు ఇవ్వండి. సొంత డబ్బు ఖర్చు పెట్టినవాళ్లు బిల్లులు తెచ్చుకోండి.

టీ, మలైకాజాలు ఉంటాయి. వాటి బిల్లు కూడా బోర్డు మీదే.

మరోమాట: పైన కుర్చీలు చాలవు, వచ్చేటప్పుడు ఒకటి తెచ్చుకోండి.