జలగ వైద్యంలో రుజువైనదేదో, కానిదేదో విడదీసి రాయండి

సంపాదకులకు నమస్కారం.

జలగ వైద్యం గురించి ఈ మధ్య పత్రికల ఆరోగ్యం పేజీల్లో వస్తున్న వ్యాసాలు చదువుతుంటే సంతోషం, చికాకు రెండూ కలుగుతున్నాయి. పాఠ్యపుస్తకంలో వానపాముకు దక్కిన చోటులో పావు వంతు కూడా దక్కని ఈ జీవి గురించి సామాన్య పాఠకులు ఆసక్తిగా చదవడం జంతుశాస్త్రం బోధించిన నాకు సంతోషమే. కానీ ఇంచుమించు ప్రతి వ్యాసంలోనూ ‘జలగ చెడు రక్తాన్ని పీల్చేస్తుంది’ అన్న వాక్యం ఉంటోంది, దాని వెనకే మొటిమల నుంచి గుండెజబ్బు దాకా అది నయం చేసే రోగాల జాబితా వస్తోంది. ఒళ్లంతా తిరుగుతుండే రక్తంలో చెడ్డది వేరుగా ఒకచోట కూర్చుని ఉండదు, ఉన్నా దాన్ని ఏరుకుని తాగే తెలివి జలగకు లేదు. ఒక విడతలో అది తాగేది సుమారు 5 నుంచి 15 మిల్లీలీటర్లే. శాస్త్రజ్ఞులను ఆకర్షించింది అది తాగే రక్తం కంటే కాటులో వదిలే లాలాజలం.

జలగ నుంచి తీసిన సారం రక్తాన్ని గడ్డకట్టనివ్వదని 1884లో జాన్ హేక్రాఫ్ట్ కనుగొన్నారు. అందులోని అసలు పదార్థమైన హిరుడిన్‌ను శుద్ధ రూపంలో వేరుచేసింది 1950లలో జర్మనీకి చెందిన ఫ్రిట్జ్ మార్క్‌వార్ట్. 65 అమైనో ఆమ్లాల ఈ చిన్న ప్రోటీన్, రక్తం గడ్డకట్టడంలో కీలకమైన త్రాంబిన్ అనే ఎంజైమును నేరుగా పట్టుకుని కదలనివ్వదు. రక్తం గడ్డకట్టకుండా ఆసుపత్రుల్లో వాడే హెపారిన్ అనే మందుకు ఈ పని చేయడానికి రక్తంలోని మరో ప్రోటీను సాయం కావాలి. పైగా కొందరు రోగుల్లో అది ప్లేట్‌లెట్లను తగ్గించి, ఏ గడ్డలను ఆపాలో వాటినే పుట్టిస్తుంది. అలాంటి వారి కోసం హిరుడిన్‌ను ఈస్టులో తయారుచేసి లెపిరుడిన్ పేరుతో అమ్మారు. అమెరికాలో 1998లో అనుమతి పొందిన ఆ మందు 2012లో మార్కెట్ నుంచి వెళ్లిపోయింది. హిరుడిన్ నమూనాపైనే 20 అమైనో ఆమ్లాలతో కృత్రిమంగా తయారైన బైవాలిరుడిన్‌కు 2000లో అనుమతి లభించింది. గుండె ధమనుల్లో స్టెంట్ వేసేటప్పుడు దాన్ని వాడతారు. ఈ మందు ఎక్కించుకున్న రోగి జలగ ముఖం కూడా చూడనక్కర్లేదు.

జలగే స్వయంగా అవసరమయ్యే సందర్భం ఒకటుంది, అది పత్రికల్లో అరుదుగా కనిపిస్తుంది. తెగిపోయిన వేలినో చెవినో మళ్లీ అతికించేటప్పుడు శస్త్రవైద్యులు ధమనులను కలపగలుగుతారు గానీ, గోడలు పలచగా ఉండే సిరలను కలపడం చాలాసార్లు సాధ్యపడదు. అప్పుడు లోపలికి వచ్చిన రక్తానికి బయటికి దారి ఉండదు. అతికించిన భాగం ఉబ్బి, ఊదారంగుకు తిరిగి, చివరకు చచ్చిపోతుంది. అక్కడ జలగను పెడితే అది కొంత రక్తం తాగి అరగంటకో ముప్పావుగంటకో తనంతట తానే రాలిపోతుంది. అసలు మేలు ఆ తర్వాత జరుగుతుంది. లాలాజలం ప్రభావంతో ఆ చిన్న గాయం నుంచి గంటల తరబడి రక్తం ఊరుతూనే ఉంటుంది, కొద్ది రోజుల్లో కొత్త సూక్ష్మ సిరలు పుట్టేదాకా ఆ ఊటే సిర చేయాల్సిన పని చేస్తుంది. జలగ కరవడానికి ఇష్టపడకపోతే ఆ భాగానికి ధమని రక్తమే సరిగా అందడం లేదేమోనని వైద్యులు అనుమానించాలి. 1985లో అమెరికాలోని బోస్టన్‌లో జోసెఫ్ ఆప్టన్ అనే శస్త్రవైద్యుడు ఒక పసివాడి చెవిని ఇలాగే నిలబెట్టారు. 2004లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ జలగలను ఈ ప్రయోజనానికే ‘వైద్య పరికరం’గా అనుమతించింది. ప్రాణమున్న పురుగు పరికరాల జాబితాలో చేరడం తమాషాగా ఉన్నా, ఆ అనుమతి పరిధి మాత్రం చాలా ఇరుకైనది.

ఆ ఇరుకైన పరిధిలోనూ ప్రమాదాలు ఉన్నాయి. 277 మంది రోగుల వివరాలను క్రోడీకరించి 2012లో వెలువడిన సమీక్షలో దాదాపు 78 శాతం మందిలో ఫలితం కనిపించింది గానీ, సుమారు సగం మందికి రక్తం ఎక్కించాల్సి వచ్చింది. జలగ పేగుల్లో ఏరోమోనాస్ అనే బ్యాక్టీరియా సహజంగానే నివసిస్తుంది. తాగిన రక్తాన్ని అరిగించుకోవడంలో జలగకు తోడ్పడే ఆ సూక్ష్మజీవే మనిషి గాయంలో చేరితే తీవ్రమైన ఇన్ఫెక్షన్ తెస్తుంది, అందుకే ఆసుపత్రుల్లో ముందుగానే యాంటీబయాటిక్ ఇస్తారు. పట్టుకున్న జలగను ఉప్పు చల్లి ఊడదీయడం కూడా తప్పే, ఎందుకంటే అది కడుపులోని దాన్ని గాయంలోకే కక్కే అవకాశం ఉంది. ఒకరికి వాడిన జలగను ఇంకొకరికి వాడకూడదు. రక్తం పలచబడే మందులు వేసుకునేవారు, రక్తహీనత ఉన్నవారు ఈ చికిత్స జోలికి పోకూడదు.

మోకాళ్ల నొప్పి సంగతి కొంచెం వేరు, దాన్ని కొట్టిపారేయలేం. 2003లో జర్మనీ పరిశోధకులు 51 మంది రోగులపై జలగను డైక్లోఫెనాక్ అనే నొప్పి తగ్గించే పూతమందుతో పోల్చి చూసినప్పుడు, వారం తిరిగేసరికి జలగ పెట్టించుకున్నవారిలో నొప్పి బాగా తగ్గింది; కీలు కదలికలో మెరుగు మూడు నెలలు కనిపించింది. అయితే తనకు ఏ చికిత్స అందుతోందో రోగికి తెలియకుండా దాచడం ఇలాంటి పరీక్షలో కుదరదు, జలగ పాకుతుంటే తెలియనిదెవరికి? ఆశ వల్ల తగ్గిన నొప్పి ఎంత, లాలాజలం వల్ల తగ్గింది ఎంత అన్నది ఆ పరీక్ష ఒక్కటే తేల్చలేదు.

ఇంకో విషయం. వైద్యానికి వాడే జలగ జాతిగా పేరున్న హిరుడో మెడిసినాలిస్ అన్న పేరుతో మార్కెట్లో అమ్ముతున్న జలగల్లో అత్యధికం నిజానికి హిరుడో వెర్బానా అనే వేరే జాతివని 2007లో డీఎన్ఏ పరీక్షలతో మార్క్ సిడాల్ బృందం తేల్చింది. ఏళ్ల తరబడి ఏ జీవిపై ప్రయోగాలు చేస్తున్నామో పరిశోధకులకే స్పష్టంగా తెలియలేదన్నమాట. జాతి మారితే లాలాజలంలోని ప్రోటీన్లూ మారవచ్చు. ఇన్ని నియమాల మధ్య పనిచేసే ప్రయోగశాలల్లోనే ఇలా ఉంటే, చెరువులో పట్టి తెచ్చిన జలగ గురించి చెప్పేదేముంది?

కాబట్టి ఇకమీదట ఇలాంటి వ్యాసం ప్రచురించేటప్పుడు, చికిత్స చేసేవారిని మీ విలేకరి కనీసం మూడు ప్రశ్నలు అడిగి జవాబులు కూడా అచ్చువేయాలని కోరుతున్నాను. ఆ జలగ ఏ జాతిది, ఎక్కడ పెంచినది? వాడిన తర్వాత దాన్ని ఏం చేస్తున్నారు? ఇన్ఫెక్షన్ రాకుండా రోగికి ఏ మందు ఇస్తున్నారు?

ఇట్లు,
విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు